ఏడాది పరీక్షా, సెమిస్టరా?

తిరుపతిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఏడాదికి ఒకటే పరీక్ష. సబ్జెక్టు మొత్తం మూడు గంటల్లో రాయాలి. బ్రహ్మోత్సవాలకు ఇంటినిండా చుట్టాలొచ్చినా టెన్షన్ ఉండేది కాదు. అసలు భయమంతా మార్చిలోనే.

మా చెల్లెలిది సెమిస్టర్. ఏడాదికి రెండు, ఒక్కోదానికి దాదాపు 90 పనిదినాలు. చివరి పరీక్షకు 75 మార్కులు, ఇంటర్నల్స్‌కు 25. మొన్న గరుడసేవ రోజు కూడా లడ్డూ పక్కన పెట్టుకుని రికార్డు రాస్తూనే ఉంది, పాపం. ఒక పుస్తకాన్ని తీరిగ్గా చదివే వీలే లేదు, అది నిజంగా నష్టమే.

అయినా నేను సెమిస్టర్ వైపే. ఏ యూనిట్ రాలేదో మిడ్ పరీక్షలోనే తెలిసిపోతుంది. నాకు అకౌంట్స్ రాలేదని తెలిసింది రిజల్ట్స్ వచ్చాకే.