శాస్త్రి గారా, బాలు గారా?

'శంకరాభరణం' (1980), 'సాగర సంగమం' (1983) రెండూ కె. విశ్వనాథ్ గారి సినిమాలే. మొదటిదానికి కె.వి. మహదేవన్, రెండోదానికి ఇళయరాజా సంగీతం.

మొదటిదాంట్లో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చివర్లో ఆయన పాట ఆగిపోతే శిష్యుడైన పిల్లాడు అందుకుంటాడు. ఆయన తన గండపెండేరాన్ని (విద్వాంసులకు గౌరవంగా కాలికి తొడిగే కడియం) వాడికి తొడుగుతారు. ఆ పాత్ర వేసిన సోమయాజులు గారి ముఖంలో ఆ తృప్తి చాలు.

నా మనసు మాత్రం 'సాగర సంగమం'లో కమల్ హాసన్ వేసిన నాట్యకారుడు బాలు దగ్గరే ఆగిపోతుంది. అంత విద్య ఉండీ గుర్తింపు రాలేదు, తాగుడుకు బానిసయ్యాడు. వానలో బావి గట్టు మీద ఆ నాట్యం, అతను ప్రేమించిన మాధవి బొట్టు తడవకుండా అడ్డుపెట్టిన ఆ అరచెయ్యి! ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది. శాస్త్రి గారు గురువులా కనిపిస్తారు, బాలు మన ఇంటి మనిషి. ఓడిపోయిన రోజున నేను పెట్టుకునేది రెండోదే.