కుడి నుంచి ఎడమకు చదివే బొమ్మల పుస్తకం: ఇన్‌డిజైనా, స్క్రైబసా, పేజ్‌మేకరా?

నెల్లూరు కోటమిట్ట నుంచి ఒక ఉర్దూ మాస్టారు పోయినేడు మొహర్రానికి ముందు మా డీటీపీ షాపుకొచ్చారు. రొట్టెల పండుగ మీద పిల్లల కోసం ఉర్దూలో కామిక్ గీశారు, 24 పేజీలు. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, చదువు రొట్టె కోసం నీళ్లలో నిలబడ్డ పిల్లాడు, అన్నీ ఇంకుతో గీసి స్కాన్ చేయించుకొచ్చారు. "అన్నా, ఇది తెలుగు పుస్తకంలా తెరుచుకుంటే కుదరదు. కుట్టు కుడి వైపు రావాలి" అన్నారు.

ఆ పని పేజీలు కట్టే మూడు సాఫ్ట్‌వేర్లలో చేసి చూశాను. ఏది మేలో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ఇలాంటి పుస్తకంలో తారుమారయ్యేవి రెండు. ఒకటి పేజీలో గళ్ల వరుస (ఒక్కో బొమ్మ ఉండే డబ్బా ఒక గడి): పైన కుడి మూలలో ఉన్న గడి మొదటిది. అది గీసేవాళ్లే చూసుకుంటారు. రెండోది పేజీల జత. తెలుగు పుస్తకం తెరిస్తే 2 ఎడమ, 3 కుడి. ఉర్దూ పుస్తకంలో 2 కుడి, 3 ఎడమ. మన పని అంతా ఈ రెండోదాంట్లోనే ఉంది.

ఇన్‌డిజైన్‌తో మొదలుపెట్టాను. మామూలు ఇంగ్లీషు ఇన్‌డిజైన్‌లో ఎంత వెతికినా కుడి బైండింగ్ (అంటే కుడి కుట్టు) ఆప్షన్ కనపడదు. క్రియేటివ్ క్లౌడ్ ప్రిఫరెన్సెస్‌లో యాప్ భాషను 'అరబిక్ సపోర్ట్ ఉన్న ఇంగ్లీషు'కి మార్చి, ఇన్‌డిజైన్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇక డాక్యుమెంట్ సెటప్‌లో బైండింగ్ దగ్గర 'రైట్ టు లెఫ్ట్' అని వస్తుంది. అది పెట్టగానే పేజెస్ ప్యానెల్‌లో ఒకటో పేజీ ఎడమ వైపుకి జరుగుతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే, డాక్యుమెంట్ బైండింగ్‌ని మార్చే ఒక్క లైను స్క్రిప్టు మామూలు వెర్షన్‌లోనూ పనిచేస్తుంది. కాకపోతే ఉర్దూ పేరాని కుడి నుంచి నడిపే బటన్ అరబిక్ సపోర్ట్ ఉన్నదాంట్లోనే కళ్లెదుట ఉంటుంది. పాత్రల మాటలుండే బెలూన్లలో ఉర్దూ టైపు చేయాలంటే అదే సుఖం.

ఇంకో మాట. ఉర్దూకి వాడే నస్తాలీఖ్ రాతలో పదం కుడి నుంచి ఎడమకు వాలుగా కిందికి దిగుతుంది. మన వత్తుల్లాగే దానికీ కింద చోటు కావాలి. తెలుగుకి సరిపోయే లీడింగ్ (లైన్ల మధ్య ఎడం) పెడితే పై లైను చుక్కలు కింది లైను మీద పడతాయి. బెలూన్ ఎత్తు కొంచెం పెంచి గీయమని ముందే చెప్పడం మంచిది. వట్టి ఉర్దూ పుస్తకాలకైతే ఇన్‌పేజ్ అనే ఉర్దూ డీటీపీ సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. బొమ్మలే ముఖ్యమైన పనికి నేను దాని జోలికి పోలేదు.

స్క్రైబస్ ఉచితం, పైసా అక్కర్లేదు. పాత 1.4లో తెలుగు వత్తులు విడిపోయేవి, ఉర్దూ అక్షరాలు కలిసేవి కావు. 1.5.3 నుంచి ఆ బాధ తీరింది. 2024లో వచ్చిన 1.6లో రెండు భాషలూ బాగానే పడుతున్నాయి. నేను వాడిన 1.6లో బైండింగ్‌ని కుడికి మార్చే ఆప్షన్ మాత్రం కనపడలేదు. దానికి దారి ఉంది: పుస్తకాన్ని వెనక నుంచి కట్టాలి. సాఫ్ట్‌వేర్ ఒకటో పేజీలో మన 24ని పెట్టాలి, రెండులో 23, మూడులో 22. అలా పోతే 24లో ముందు అట్ట పడుతుంది. కాగితం మీద గీసి చూడండి, 22 కుడికి, 23 ఎడమకి, ఎక్కడివక్కడ కూర్చుంటాయి. లోపలి మార్జిన్, బయటి మార్జిన్ కూడా సరిగ్గానే వస్తాయి. పేజీ నంబర్లు మాత్రం చేత్తో వేసుకోవాలి. మధ్యలో మాస్టారు నాలుగు పేజీలు పెంచుతానంటే ఆ నంబర్లన్నీ మళ్లీ దిద్దాలి. పెంచారు కూడా, ఆఖర్న తీసేశారనుకోండి. ఆ రెండ్రోజులూ నాకు టెన్షనే.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అనూ తెలుగు ఫాంట్లతో ఇంకా చాలా షాపుల్లో నడుస్తోంది. దానికి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి కోడ్) తెలియదు కాబట్టి ఉర్దూ టైపింగ్ మాట మరిచిపోవచ్చు. మాటలు బొమ్మలోనే రాసేసి ఉంటే, ఆ స్కాన్ చేసిన టిఫ్ బొమ్మ ఫైళ్లని పైన చెప్పిన వెనక వరుసలో పెట్టుకోవచ్చు. అంతకు మించి దానితో కుస్తీ పట్టొద్దు.

ఇంతవరకు చూస్తే ఇన్‌డిజైనే గెలిచిందనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని, అందులో కట్టిన పీడీఎఫ్‌ని 1 నుంచి 24 దాకా వరుసగా ప్రెస్‌కి పంపాను. కుడి కుట్టు అని ఫోన్‌లో చెప్పాను కూడా. అక్కడివాళ్లు రోజూ తెలుగు పుస్తకాలు వేసేవాళ్లు. అలవాటు ప్రకారం ఎడమ కుట్టుకే పేజీలు అమర్చారు. పది నమూనా కాపీలు వచ్చాయి. నడి పేజీ తెరిచాను. 12, 13 కలిపి ఒకటే బొమ్మ: చెరువులో ఒకామె రొట్టె అందిస్తోంది, ఎదురుగా ఉన్న ముసలాయన అందుకుంటున్నాడు. ఆ రెండు సగాలూ అటుదిటు అయ్యాయి. ఆమె చెయ్యి ఒక పక్క అంచున తెగింది, ఆయన చెయ్యి రెండో పక్క అంచున. మధ్యలో పిన్నుల దగ్గర ఇద్దరి వీపులు కలిశాయి. మాస్టారు ఏమీ అనలేదు. ఆ పేజీ మూసి, మళ్లీ తెరిచి చూశారు.

అప్పుడు తట్టింది. స్క్రైబస్‌లో వెనక నుంచి కట్టిన పీడీఎఫ్‌ని అదే ప్రెస్ అదే అలవాటుతో వేసి ఉంటే పుస్తకం సరిగ్గా వచ్చేది! మడిచి మధ్యలో పిన్నులు కొట్టే 24 పేజీల పుస్తకంలో బయటి షీటు మీద 24 ఎడమ, 1 కుడి పెట్టడం వాళ్ల అలవాటు. మన ఫైల్లో 24వది ముందు అట్ట, 1వది వెనక అట్ట. ఉర్దూ పుస్తకానికి కావాల్సింది అదే కదా.

కాబట్టి నా లెక్క ఇది. నెల తిరిగేసరికి ఇలాంటి పనులు నాలుగైదు వచ్చేవాళ్లకి ఇన్‌డిజైన్. ఎప్పుడో ఒక పుస్తకం చేసేవాళ్లకి స్క్రైబస్ చాలు, ఇన్‌డిజైన్ చందా కట్టి నష్టపోవద్దు. దేంట్లో కట్టినా, కుడి కుట్టు అలవాటు లేని ప్రెస్‌కి వెళ్లేది మాత్రం తిరగేసిన పీడీఎఫ్ కావాలి. ఇన్‌డిజైన్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌ని తిరగేయడానికి పీడీఎఫ్‌టీకే అనే ఉచిత సాధనం ఉంది, 'ఎండ్-1' అని పేజీల వరుస ఇస్తే చివరి నుంచి మొదటికి పేర్చి ఇస్తుంది. ఫైలు పేరులోనే 'ప్రెస్ కోసం' అని రాయండి, లేకపోతే అదే వాట్సాప్‌లో పోయి పిల్లలు వెనక అట్ట నుంచి చదువుతారు. పిల్లలకి పంపేది మామూలు వరుసలో ఉండాలి. కంప్యూటర్లో రెండేసి పేజీలుగా చూసేవాళ్ల కోసం అక్రోబాట్ ప్రాపర్టీస్‌లో బైండింగ్‌ని 'రైట్ ఎడ్జ్'కి మార్చండి.

ఫైలుతో పాటు డమ్మీ (ఉత్త కాగితాల నమూనా పుస్తకం) కూడా ఇవ్వండి. ఆరు ఎ4 కాగితాలు మడిచి పిన్ను కొడితే 24 పేజీలు. ఒక్కో పేజీ మీద ఏం ఉందో పెన్నుతో రాసి ప్రెస్‌వాళ్ల చేతికివ్వాలి. రెండోసారి నేనే బస్సెక్కి వెళ్లి ఇచ్చొచ్చాను. పుస్తకం చక్కగా వచ్చింది.

ఇప్పుడు మాస్టారు అదే కామిక్ తెలుగులోనూ వేద్దామంటున్నారు. పేజీలన్నీ అద్దంలోలా తిప్పేస్తే గళ్ల వరుస ఎడమ నుంచి వస్తుంది కదా అని ఒకరు సలహా ఇచ్చారు. తిప్పి చూశాం. ఆడవాళ్ల పైట కుడి భుజం మీదికి పోయింది. అందరూ ఎడమ చేత్తో రొట్టెలిస్తున్నారు. అమెరికాలో జపాన్ కామిక్స్‌ని మొదట్లో ఇలాగే తిప్పి వేసేవాళ్లు. కిమోనోకి ఎడమ అంచు పైకి రావాలి, తిప్పితే కుడి అంచు పైకొస్తుంది. జపాన్‌లో అలా కట్టేది చనిపోయినవాళ్లకి. 2002 నుంచి టోక్యోపాప్ అనే ప్రచురణ సంస్థ తిప్పకుండా వేయడం మొదలుపెట్టింది.

మేమూ తిప్పడం లేదు. గళ్లని విడివిడిగా కత్తిరించి, వరుస మార్చి మళ్లీ పేరుస్తున్నాను. ఒక్కో పేజీకి గంట పడుతోంది. నడి పేజీలో ఉన్నది ఒకే బొమ్మ కాబట్టి అక్కడ రెండు బెలూన్ల చోటు మారిస్తే సరిపోతుంది.