వరదల తర్వాత కో సముయ్‌కి: డోన్‌సాక్ కార్ ఫెర్రీని నమ్ముకోవచ్చా?

దక్షిణ థాయిలాండ్‌లో వరదలని వార్త రాగానే అక్కడి సముయ్ దీవి ప్రయాణం రద్దు చేసుకునేవాళ్ళు ఎక్కువ. ముందు మ్యాపు తెరిచి నీళ్ళు ఎక్కడ ఉన్నాయో చూడండి. 2025 నవంబరులో మునిగిన హాట్ యాయ్, సముయ్‌కి వెళ్ళేవాళ్ళు రైలు దిగే సూరత్ థానీకి చాలా దక్షిణాన ఉంది. బ్యాంకాక్ నుంచి వచ్చేవాళ్ళకు ఆ ఊరితో పనే లేదు. 2017 జనవరి అలా కాదు. అప్పుడు బ్యాంకాక్ నుంచి దక్షిణానికి పోయే ఫెట్‌కాసెమ్ రోడ్డు వంతెన దెబ్బతిన్న బాంగ్ సఫాన్ సూరత్ థానీకి ఉత్తరాన, అంటే సరిగ్గా మన దారిలో ఉంది.

ఇక ఫెర్రీ సంగతి. సూరత్ థానీ వైపు తీరంలోని డోన్‌సాక్ రేవు నుంచి సముయ్ పడమటి ఒడ్డుకి రెండు సంస్థల పడవలు నడుస్తాయి: రాజా ఫెర్రీ లీపా నోయ్‌కి, సీట్రాన్ నాథోన్‌కి. ప్రయాణం సుమారు గంటన్నర. లారీలు, బస్సులు మోసే బరువైన పడవలు కాబట్టి అల తాకినా ఊగుతాయే తప్ప ఎగిరిపడవు. వేగంగా పోయే కాటమరాన్లు తేలిక, గాలి పెరిగితే ముందు ఆగేవి అవే. ఉత్తరాన ఉన్న చుంఫోన్ నుంచి కో తావ్ దీవి మీదుగా వచ్చే దారి ఇంకా పొడవు, అంతా నడిసముద్రం. వాతావరణ శాఖ థాయిలాండ్ గల్ఫ్‌లో (ఈ దీవులున్న సముద్రంలో) అలలు రెండు మూడు మీటర్లని చెప్పిన రోజున ఆ టికెట్టు జోలికి పోవద్దు. మూడు మీటర్లు దాటితే కార్ ఫెర్రీ కూడా ఆగొచ్చు. అలాంటప్పుడు రేవులో కూర్చోకుండా సూరత్ థానీ ఊళ్ళోనే గది తీసుకోవాలి. డోన్‌సాక్ అక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్లు, రేవు దగ్గర రాత్రి గడపడం కష్టం.

నిజానికి ఈ ప్రయాణం బెడిసికొట్టేది నీళ్ళ మీద కాదు, నేల మీద. రైలు, బస్సు, పడవ మూడూ కలిపిన టికెట్టు మామూలు రోజుల్లో చవక, సుఖం. వరద రోజుల్లో రైలు నాలుగైదు గంటలు ఆలస్యమైతే మిగతా రెండూ చిక్కుల్లో పడతాయి. అందుకే రైలు టికెట్టు విడిగా కొని, ఫున్‌ఫిన్‌లో (సూరత్ థానీ రైల్వే స్టేషన్ ఉన్నది అక్కడే) దిగాక బస్సూ పడవా కలిపి తీసుకోవడం మేలు. ఈ రెంటినీ మాత్రం విడగొట్టవద్దు. చీకటి పడితే కార్ ఫెర్రీలు దాదాపు ఆగిపోతాయి కనుక మధ్యాహ్నం మూడింటికల్లా బస్సెక్కేలా చూసుకోండి. రైలు సంగతికి 1690, రోడ్డు సంగతికి 1586.

పడవలో పై అంతస్తు ముందు వరసలు చూడ్డానికి బాగుంటాయి, కడుపుకి బాగుండవు. మధ్యలో, వీలైనంత కింద కూర్చోండి. అవోమిన్ మాత్ర ఎక్కే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే దండగ. దానివల్ల మగత వస్తుంది, కాబట్టి దిగగానే స్కూటర్ అద్దెకు తీసుకోవద్దు.

విమానం సులువే, కానీ సముయ్ విమానాశ్రయం బ్యాంకాక్ ఎయిర్‌వేస్ సొంతం, టికెట్టు ఖరీదు. కుండపోతలో అదీ ఆగుతుంది. 2011 మార్చి చివర్లో అలాగే ఆగిపోయింది. కో తావ్‌లో చిక్కుకున్నవాళ్ళ కోసం థాయ్ నౌకాదళం ఏకంగా విమానవాహక నౌకనే పంపింది.

దీవిలో దిగాక దిక్కు చూసుకోండి. మన నెల్లూరును తడిపే ఈశాన్య రుతుపవనాలే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడా కురుస్తాయి, అలలు తూర్పు తీరాన్ని కొడతాయి. ఫుకెట్‌లో వానాకాలం అయిపోయిందని విని నవంబరులో సముయ్‌కి వచ్చేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. చవెంగ్, లమాయ్ బీచుల్లో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. చవెంగ్ వీధి వెనక పల్లపు నేల ఉంది, కొండ నీరంతా అక్కడికే చేరుతుంది. రేవులున్న పడమటి ఒడ్డు మాత్రం కొండల చాటున ఉండి నెమ్మదిగా ఉంటుంది. మొదటి రెండు రాత్రులు లీపా నోయ్ వైపు, 4169 నంబరు రింగు రోడ్డుకి దగ్గరలో గది తీసుకోండి. కొండ మీది విల్లాలకు వెళ్ళే నిటారు కాంక్రీటు దారులు తడిస్తే జారుతాయి, మట్టి పెళ్ళలు విరిగిపడతాయి. చిన్న దీవి, ఏటవాలు నేల కాబట్టి వాన తగ్గాక నీరు త్వరగానే సముద్రంలోకి దిగిపోతుంది. రోడ్డు మలుపుల్లో ఇసుక, బురద మాత్రం మిగిలిపోతాయి.

సముయ్ దగ్గరి అంగ్ థోంగ్ దీవుల పార్కు ఏటా నవంబరు, డిసెంబరుల్లో కొన్ని వారాలు మూసి ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా ఆ టూరు అమ్మజూపితే డబ్బు కట్టకండి, టూరిస్టు పోలీసు నంబరు 1155.