ఆరేళ్ల ఆదివారాలు: ఓపెన్ డిగ్రీ నుంచి ఎంఏ దాకా

ఇంటర్ అవగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ల గ్యాప్. ఆ తర్వాత ఓపెన్‌లో బీఏ చేరాను. ఒక పేపరు పోయి నాలుగేళ్లు పట్టింది. పైన రెండేళ్లు ఎంఏ తెలుగు. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక యూనివర్సిటీ పేరు చెప్పను.

పుస్తకాలకు వంక పెట్టలేను. చెప్పేవాళ్లు ఎదురుగా ఉండరని తెలిసి రాసినవి. మధ్యమధ్యలో మనల్ని మనం సరిచూసుకునే ప్రశ్నలుంటాయి. పప్పు ఉడికేలోపు ఒక భాగం అయిపోయేది. గ్రూప్స్‌కి చదివే మా తమ్ముడు నా చరిత్ర పుస్తకాలు పట్టుకుపోయి ఇంతవరకు తిరిగివ్వలేదు.

అసలు తంటా ఆదివారంతోనే. ఉద్యోగస్తులకు సెలవని, సార్లు ఎదురుగా పాఠం చెప్పే కాంటాక్ట్ క్లాసులు ఆ రోజు పెడతారు. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు వారం మొత్తంలో తీరిక లేని రోజు అదే. ఆయన ఇంట్లో ఉంటారు, చుట్టాలొస్తారు, నీసు కూర ఉండాల్సిందే. అదే మంగళవారం పదకొండింటికైతే ఒక్క క్లాసూ మానేదాన్ని కాదు. మొదటి ఏడాది సగం కూడా వెళ్లలేదు. పుస్తకం చాలు, క్లాసులెందుకు అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. ఎకనామిక్స్‌లో నాలుగు వారాలు తల బద్దలు కొట్టుకున్న డిమాండ్ రేఖ సార్ చెబితే ఇరవై నిమిషాల్లో అర్థమైంది. అక్కడే పరిచయమైన ఒక అంగన్‌వాడీ టీచరూ నేనూ రాత్రిళ్లు ఫోన్‌లో పాఠాలు ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్లం.

దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లోనే పెట్టారు. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అప్పట్లో ఉండేది. ఏడో తరగతితో ఆగిన మా అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒక ఏడాది రెండు పుస్తకాలు పరీక్షలకు పద్దెనిమిది రోజుల ముందు చేతికొచ్చాయి. పీడీఎఫ్ ఉంది కదా అన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను పిల్లాడి దగ్గరుంటుంది మరి. పరీక్షా కేంద్రంలో ఆడవాళ్ల బాత్రూమ్‌కు గడియ లేదు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వెళ్లేవాళ్లం.

ఒక ప్రైవేటు స్కూల్ ఇంటర్వ్యూలో "దూరవిద్యా?" అని పెదవి విరిచారు. గుర్తింపు ఉన్న సంస్థలో చేసిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని, యూనివర్సిటీలపై అజమాయిషీ చేసే యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఆ కాగితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకు తిరుగుతున్నాను.

మొన్న ఓపెన్ డిగ్రీ అడ్మిషన్ల నోటిఫికేషన్ రాగానే మా ఆడపడుచు ఫీజెంతని అడిగింది. ఆదివారం మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారని నేనడిగాను. ఇంకా జవాబు రాలేదు.