ఒక్క కుట్టు మిషన్: క్విల్టింగ్‌కి జూకీ టీఎల్-2010క్యూ

ఈ మిషన్ తిన్నగా కుడుతుంది, అంతే. జిగ్‌జాగ్ లేదు, కాజాలు రావు, పువ్వులూ తీగలూ అసలే లేవు. ముందే ఎందుకు చెప్తున్నానంటే "ఇంత పెట్టి కొంటే ఒక్క కుట్టేనా" అనుకునేవాళ్ళకి ఇది నచ్చదు, వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు మాత్రం అదే నచ్చింది.

క్విల్టింగ్‌లో, అంటే ముక్కల దుప్పటి కుట్టడంలో, ఉన్నవి రెండు పనులు. ముక్కలు ముక్కలు అతకడం ఒకటి, అతికిన పైగుడ్డా మధ్యలో బ్యాటింగూ (దూది లాంటి మెత్తటి పొర) అడుగుగుడ్డా మూడూ కలిపి కుట్టడం ఇంకోటి. యాప్లిక్ (గుడ్డ మీద గుడ్డ ఆకారాలు అతికి కుట్టడం) చేసేవాళ్ళని పక్కన పెడితే దాదాపు అంతా తిన్నని కుట్టే. వందల డిజైన్లున్న కంప్యూటర్ మిషన్ చూస్తే మనసు లాగేస్తుంది నిజమే, కానీ వాటిలో ఎన్ని వాడతామో నిజాయితీగా ఆలోచించుకోండి.

డిజైన్ల కంటే ముందు చూడాల్సింది జాగా. సూది నుంచి కుడివైపు మిషన్ ఒంటిదాకా ఉండే ఖాళీని థ్రోట్ అంటారు. మామూలు ఇంటి మిషన్లలో ఇది ఆరేడు అంగుళాలు ఉంటుంది, చొక్కాలకి అది చాలా ఎక్కువ కూడా. కానీ 90 అంగుళాల వెడల్పు క్విల్ట్ నడిమధ్య కుట్టాలంటే 45 అంగుళాలు, బ్యాటింగ్‌తో సహా, చుట్టచుట్టి ఆ సందులో దూర్చాలి. జూకీలో ఇది ఎనిమిదిన్నర అంగుళాలు దాటి ఉంది, ఎత్తు కూడా ఆరుకి దగ్గర. రెండంగుళాలకే అంత తేడానా అనిపిస్తుంది, కానీ చుట్ట ఇరుక్కుంటే గుడ్డ కదలదు, కదలకపోతే కుట్లు పొట్టిపొట్టిగా ఒకచోటే పడతాయి, అప్పుడు మనం చేత్తో లాగుతాం, లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. ఇక ఆ పూట పని అయినట్టే.

రెండోది ప్లేటులో రంధ్రం, దీని గురించి అమ్మేవాళ్ళు పెద్దగా చెప్పరు. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగాలి కాబట్టి రంధ్రం వెడల్పుగా ఉంటుంది, కొన్నిట్లో 9 మిల్లీమీటర్ల కుట్టుకి సరిపడేంత. త్రికోణం ముక్క మొనని ఆ రంధ్రం మీద పెట్టి మొదలుపెట్టారంటే సూది గుడ్డని లోపలికి తోసేస్తుంది. తిన్నని కుట్టుకి చిన్న గుండ్రటి రంధ్రం చాలు, అందుకే జూకీలో కుట్టు అంత శుభ్రంగా పడుతుంది. జిగ్‌జాగ్ కూడా కావాలనుకుంటే ఆ మిషన్‌కి స్ట్రెయిట్ స్టిచ్ ప్లేట్ విడిగా దొరుకుతుందేమో కనుక్కోండి, బిగించాక మాత్రం జిగ్‌జాగ్ నొక్కకండి.

స్పీడు నిమిషానికి 1500 కుట్లు. భయపడక్కర్లేదు, తగ్గించుకోడానికి స్లైడర్ ఉంది, అయినా ఆ స్పీడు అడుగుగుడ్డ పొడుగాటి అతుకులకి తప్ప పెద్దగా అక్కర్లేదు. నాకు బాగా నచ్చినవి రెండు: మోకాలితో నెడితే గుడ్డని నొక్కిపట్టే ఫుట్ లేస్తుంది, రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి, పెడల్ మీద మడమ నొక్కితే పైదారం కిందదారం రెండూ తెగుతాయి. ఒకసారి అలవాటయ్యాక కత్తెర కోసం తడుముకోవడం అంటే విసుగొస్తుంది.

ఏ మిషన్ కొన్నా ట్రయల్‌కి మీ గుడ్డే తీసుకెళ్ళండి, వాళ్ళిచ్చే గంజి పెట్టిన బిరుసు గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసుకుని పావంగుళం సీమ్‌తో (అంచునుంచి పావంగుళం లోపలికి కుట్టి) అతకండి, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. ప్రతి సీమ్‌లో అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా ఎనిమిది సీమ్‌లకి అరంగుళం పోతుంది, అప్పుడు బ్లాకులు (ముక్కలు అతికి చేసిన చదరాలు) ఎంత సాగదీసినా కలవవు. తర్వాత బ్యాటింగ్ పెట్టిన ముక్క మీద, అతుకులు కలిసే మందం చోట నెమ్మదిగా కుట్టి చూడండి, అక్కడ మోటారు మూలిగితే వదిలేయండి. ఫీడ్ డాగ్స్ (గుడ్డని కిందనుంచి ముందుకి లాగే పళ్ళు) కిందికి దిగుతాయా, ఫుట్ ఒత్తిడి తగ్గించుకోవచ్చా ఇవి కూడా అడగాలి, రెండూ దీంట్లో ఉన్నాయి.

ఇబ్బందులు లేవని కాదు. బరువు పదకొండు కిలోల పైమాటే, క్లాసులకి మోసుకెళ్ళేవాళ్ళకి నడుం పోతుంది. బాబిన్ ఎడమ పక్కనుంచి పెట్టాలి, సగంలో దారం అయిపోతే క్విల్ట్ మొత్తం పక్కకి జరపాల్సిందే. ఫ్రీ మోషన్‌లో, అంటే ఫీడ్ డాగ్స్ దించి గుడ్డని చేత్తో ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుట్టేటప్పుడు, కుట్టు పొడుగు మన చేతిమీదే ఆధారపడుతుంది, చేయి వేగం మారితే కుట్టూ మారిపోతుంది. అది కుదరట్లేదు అనుకునేవాళ్ళు బెర్నీనా కంపెనీలో బీఎస్ఆర్ (కుట్టు పొడుగు సమానంగా ఉంచే పరికరం) ఉన్న మోడల్ చూడండి, గుడ్డ కదలికని సెన్సార్ పట్టుకుని మోటారుని దానికి తగ్గట్టు నడిపిస్తుంది. ఫ్రీ మోషన్ జోలికి పోకుండా గీతలు గీతలుగా కుట్టుకుంటాం అంటే ఫాఫ్ కంపెనీలో ఐడీటీ ఉన్న మిషన్ మంచిది, ఐడీటీ పైపొర జరిగిపోకుండా వెనకనుంచి పట్టుకుని లాగుతుంది, జిగ్‌జాగ్ కూడా ఉంటుంది. బ్రదర్ పీక్యూ1500, జానోమ్ 1600పీ మాత్రం జూకీ జాతివే, పక్కపక్కన కూర్చుని కుట్టి చూసి ఏది చేతికి హాయిగా ఉంటే అది తీసుకోవచ్చు.

ఇంట్లో బట్టలూ ఇదే మిషన్ మీద కుట్టాలి, రెండోది కొనలేం అనేవాళ్ళకి నేనైతే ఇది చెప్పను. పాత జిగ్‌జాగ్ మిషన్ ఉంటే దాన్ని అమ్మకండి, కాజాలకి పనికొస్తుంది. పాత ఫుట్‌లు కొత్తదానికి పట్టాలని మాత్రం లేదు, షాంక్ (ఫుట్ బిగించే కడ్డీ) ఎత్తు తేడా ఉంటుంది, కాబట్టి పెట్టెలో వాకింగ్ ఫుట్ (పైపొరని కూడా లాగేది), పావంగుళం ఫుట్ ఇస్తున్నారో లేదో డబ్బు కట్టకముందే అడిగేయండి.