పర్లాకిమిడి కప్పల నడక: తలకు 1,500, కప్పలన్నిటికీ ఒకే కవరు

రాత్రిపూట కప్పల్ని చూసే నడక కోసం వెళ్లాం. పలాసలో రైలు దిగి ఒడిశాలోని పర్లాకిమిడి చేరేదాకా ఫిర్యాదేమీ లేదు. లాడ్జి రూము 900. నీళ్లొస్తాయి, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది (దాని అవసరం కింద చెబుతాను). మహేంద్రగిరి వైపు జీపు రానుపోను 3,200. ఖరీదే గానీ డ్రైవరు బంగారం. చీకటిపడ్డాక తడిరోడ్డు మీద గోండ్రుకప్ప కనిపిస్తే చాలు, లైట్లు తగ్గించి అది దాటేదాకా ఆగాడు. "తొందరేటండి, పోనీండి దాన్ని" అన్నాడు.

గొడవంతా సంరక్షణ నడక అని తలకు 1,500 పుచ్చుకున్న గైడుతో. చూపించడమంటే పట్టి చూపించడమే అతని లెక్క. చేతులకు దోమల క్రీము పూసుకుని, అదే చేత్తో చెట్టుకప్పను ఒడిసిపట్టాడు. తర్వాత వాగులోవీ గట్టుమీదవీ ఐదింటిని ఒకే ప్లాస్టిక్ కవర్లో వేసి, అందరి ఫోటోలూ అయ్యేదాకా మూతి బిగించి పట్టుకున్నాడు. పిల్లలకు భలే సరదా. పెద్దవాళ్ల మొహాలు మాడిపోయాయి.

కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, కొంత ఊపిరి పీల్చేదీ దానితోనే. చేతికున్న క్రీము నేరుగా ఒంట్లోకి దిగుతుంది. కవరు అంతకంటే చేటు. కైట్రిడ్ అనే బూజు కప్ప చర్మాన్ని పాడుచేస్తుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగుతుంది. ఆ బూజు బీజాలు తోకతో నీళ్లలో ఈదుతాయి. తడి కవర్లో ఐదు కప్పల్ని కుక్కితే ఒకదాని రోగం మిగతా నాలుగింటికీ మనమే అంటించినట్టు. తప్పక పట్టాల్సొస్తే పరిశోధకులు కప్పకో కవరు, కప్పకో గ్లోవ్స్ జత వాడతారు.

ఇదంతా చెబితే గైడు నవ్వి, "అంతరిస్తే జూలో పెంచుతార్లెండి" అన్నాడు. టాంజానియాలో కిహాన్సి జలపాతం తుంపరలో మాత్రమే బతికిన చిట్టి గోండ్రుకప్పకు సరిగ్గా అదే జరిగింది. ఆనకట్ట వచ్చి తుంపర తగ్గితే 2000లో 499 కప్పల్ని అమెరికా జూలకు తరలించారు. లోయలో గొట్టాలతో నీళ్లు చల్లించారు. అయినా 2003లో అక్కడున్నవి కుప్పకూలాయి, వాటిలో ఈ బూజే కనబడింది. 2009లో అడవిలో అంతరించినట్టు ప్రకటించారు. జూలలో పెరిగినవాటిని తిరిగి వదలడం 2012కి గానీ మొదలవలేదు. జూ అంటే అంత తతంగం.

వెళ్లేవాళ్లు వాగు మారినప్పుడల్లా బూట్లు కడగండి. ముందు బ్రష్‌తో బురదంతా గీకాలి, లేకపోతే బ్లీచ్ శక్తి బురద మీదే అయిపోతుంది. ఐదు శాతం బ్లీచ్ ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి, అడుగుభాగం నిమిషం పాటు ముంచాలి. ఆ నీళ్లు వాగు దరిదాపుల్లో పారబోయకండి, తోకకప్పలకు విషం. బ్లీచ్ లేకపోతే 70 శాతం స్పిరిట్. పూర్తిగా ఆరినా బూజు చస్తుంది, కానీ వానాకాలంలో బూట్లెక్కడ ఆరతాయి? అందుకే ఆ ఫ్యాను.

జూలై, ఆగస్టుల్లో వాన తెరిపిచ్చిన రాత్రి ఏడు నుంచి పది దాకా చాలు. టార్చి పక్కనుంచి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. వాగులో రాళ్లు తిరగేయొద్దు, గుడ్లుంటాయి. గైడు వద్దు. జీపు వెయిటింగు గంటకు 150. ఒక్కరి 1,500 మిగిలినా ఆ డ్రైవర్ని పది గంటలు ఆపుకోవచ్చు.