చుక్కాని చీలితే అతకాలా, కొత్తది చేయించాలా?

శ్రీశైలం నీళ్లు తగ్గేకొద్దీ సంగమేశ్వరం వైపు ఏ బండ ఎక్కడ తేలుతుందో చెప్పలేం. పోయిన వేసవిలో మా చిన్న తెరచాప పడవ అలాగే ఒక రాయికి తగిలింది. టేకు చుక్కాని కింది అంచు నుంచి జానెడు మేర చీలింది. అతకాలా, మార్చాలా అని వారం రోజులు ఒకటే టెన్షన్.

తేల్చేది చీలిక పొడవు కాదు, కీళ్లు (చుక్కానిని పడవ వెనక తగిలించే బందులు) బిగించిన చోటు. చుక్కాని బరువు, నీటి తోపు అన్నీ ఆ కీళ్ల మీదే పడతాయి. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి కర్ర ముందు అక్కడే చివుకుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. దిగకపోతే చేవ ఉన్నట్టే, నిశ్చింతగా అతకొచ్చు. మెత్తగా దిగి తడి పొట్టు రాలితే మాత్రం ఎపాక్సీ జిగురు దండగ. జిగురు పట్టుకున్నా, అది పట్టుకున్న కర్రే ఊడి వస్తుంది.

మాది గట్టిగానే ఉంది, అతికించాం. డబ్బు కంటే ఓపికే ఎక్కువ ఖర్చయింది. పలకను నీడలోనే ఆరబెట్టాలి. కర్నూలు ఎండలో పెడితే పైన ఎండి, లోపల తడి మిగిలి కొత్త నెర్రెలు వస్తాయి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముందు అసిటోన్‌తో తుడవాలి. ఎపాక్సీ తెల్లవారుజామునే కలపాలి, మధ్యాహ్నం వేడికి గిన్నెలోనే గట్టిపడుతుంది. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది. ముక్క విరిగిపోయి ఉంటే ఏటవాలుగా అతకాలి, వాలు పొడవు పలక మందానికి 8 రెట్లు: 2 సెం.మీ. పలకకు 16 సెం.మీ.

కొత్తదే కావాలంటే నా ఓటు టేకుకు కాదు, మెరైన్ ప్లైవుడ్‌కు. వెడల్పాటి ఒంటి టేకు పలక వంకర తిరుగుతుంది, సన్న పట్టీలు జోడించడానికి చేయి తిరిగిన వడ్రంగి కావాలి. ప్లైవుడ్ అంత సులువుగా వంకర తిరగదు. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ భారతీయ ప్రమాణం) గుర్తు చూసి కొనండి. కోసిన అంచులు నీళ్లు తాగుతాయి, వాటికి మూడు పూతల ఎపాక్సీ తప్పదు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయండి, మామూలు ఇనుము తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రను పాడుచేస్తుంది. పాత పలకను అచ్చుగా పెట్టి గీస్తే కీళ్ల రంధ్రాలు సరిగ్గా పాత చోటే వస్తాయి.

ఏది చేసినా మొదటి రోజు పడవలో తెడ్డు ఉండాలి. మేము ఆ రోజు గట్టు కనిపించే దూరంలోనే తిప్పాం.